పదవీ విరమణ తరవాతి జీవితానికి పాజిటివ్ సైకాలజీ ఏమి ఇవ్వగలదు?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది 62 ఏళ్లు నిండగానే పదవీ విరమణ చేయాలి. పింఛను వస్తుంది, అప్పులు లేవు, పిల్లలు స్థిరపడ్డారు. కాబట్టి నా ప్రశ్న డబ్బు గురించి కాదు. పొద్దున్నే బయలుదేరి వెళ్లవలసిన చోటు, నా సంతకం కోసం ఎదురుచూసే ఫైలు లేనప్పుడు రోజును దేనితో నింపుకోవాలన్నదే నన్ను కలవరపెడుతున్నది. నాకంటే ముందు రిటైరైన సహోద్యోగుల్లో కొందరు కొద్ది కాలానికే మాటలు తగ్గించి, గడప దాటడం మానేయడం దగ్గర నుంచి చూశాను.

ఇటీవల మా ఉద్యోగుల సంఘం సమావేశానికి వచ్చిన ఒక వక్త, పాజిటివ్ సైకాలజీ ఆధారంగా తాను నడిపే కోచింగ్ తరగతుల్లో చేరితే విరమణ తరవాతి జీవితం అర్థవంతంగా మారుతుందని చెప్పారు. రుసుము నా నెల జీతంలో చెప్పుకోదగిన భాగమే. ఇందులో నిజంగా శాస్త్రం ఎంత ఉన్నది? కోచ్ అనే వ్యక్తి ఏమి చేస్తారు, ఏమి చేయకూడదు? చదివినవారు, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నల్లరేగడి

గోదారిగట్టు గారూ, నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వ శాస్త్రం బోధిస్తాను. ముందుగా శాస్త్రం సంగతి చెబుతాను.

పాజిటివ్ సైకాలజీ అంటే మనిషి బాగా బతకడానికి తోడ్పడేవాటిని పరిశీలించే శాఖ. దీనికి ఊపు వచ్చింది 1998లో. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్టిన్ సెలిగ్మన్ ఆ ఏడాది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉంటూ, మన శాస్త్రం రోగాన్ని తగ్గించడం మీద పెట్టినంత శ్రద్ధ మనిషి బాగా బతకడం మీద పెట్టలేదని వాదించారు. ఆయన అంతకు ముందు చేసిన పని నిస్సహాయత గురించి కావడం గమనించవలసిన విషయం. 1967లో స్టీవెన్ మైయర్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, తప్పించుకునే వీలులేని విద్యుత్ ఘాతాలు తిన్న కుక్కలు, తరవాత తప్పించుకునే దారి ఉన్నా ప్రయత్నించకుండా పడి ఉండటాన్ని వారు చూశారు. దాదాపు అర్ధశతాబ్దం తరవాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకున్నది కాదనీ, దీర్ఘకాలపు కష్టానికి మెదడు సహజంగా ఇచ్చే స్పందనే అదనీ, పరిస్థితి మన చేతిలో ఉన్నదన్న భావననే నేర్చుకోవలసి ఉంటుందనీ తేల్చారు. మీరు చూసిన సహోద్యోగులు చతికిలపడింది బలహీనులు కావడం వల్ల కాదని నేను నమ్మడానికి ఇది ఒక కారణం.

సెలిగ్మన్ 2011లో బాగా బతకడాన్ని ఐదు అంశాలుగా విడదీశారు. అవి మంచి అనుభూతులు, పనిలో లీనమవడం, మనుషులతో సంబంధాలు, జీవితానికి అర్థం, ఏదో సాధించామన్న తృప్తి. ఉద్యోగంలో ఉన్నవారికి వీటిలో చివరి నాలుగూ ఎంతో కొంత అడగకుండానే అందుతుంటాయి. ఫైలులో తలదూర్చితే సమయం తెలియదు, మధ్యాహ్నం టీ దగ్గర నలుగురు ఉంటారు, ఎవరిదో భూమి తగాదా మీ నోట్ వల్ల పరిష్కారమవుతుంది, ఏడాదికొకసారి ఇంక్రిమెంటు వస్తుంది. విరమణ నాడు ఈ నాలుగూ ఒకే సాయంత్రం ఆగిపోతాయి. మన సన్మాన సభల్లో శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోండని దీవిస్తాము. కానీ ఆగిపోయిన వాటిలో విశ్రాంతితో భర్తీ అయ్యేది ఒక్కటీ లేదు. మీకు కావలసినది సంతోషంగా ఉండటం ఎలాగో చెప్పే ఉపన్యాసం కాదు, ఈ నాలుగింటికీ కొత్త ఆధారాలు వెతికే పని.

వేకువ

నేను ప్రధానోపాధ్యాయురాలిగా విరమించిన వ్యక్తిని. నల్లరేగడి గారు చెప్పినది అక్షరాలా అనుభవించాను. మొదట్లో పెళ్లిళ్లు, తీర్థయాత్రలు, పిల్లల దగ్గరికి ప్రయాణాలతో కాలం ఇట్టే గడిచింది. ఆ తరవాత ఫోను మోగడం తగ్గింది. బడిలో గంట కొట్టే వేళకు నాకు తెలియకుండానే గడియారం వైపు చూసేదాన్ని.

నన్ను నిలబెట్టినది చాలా చిన్న పని. మా వీధిలో భర్త చనిపోయిన ఒకామె కుటుంబ పింఛను కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నామినీ వివరాలు, సర్వీసు పుస్తకంలో పేరు తేడా, బ్యాంకు వారి కొర్రీలు అన్నీ ఒక్కొక్కటిగా చూసి పూర్తి చేయించాను. ఆ మాట మరొకరికి తెలిసి, ఇప్పుడు ఏటా లైఫ్ సర్టిఫికెట్ వేయించడానికి వేలిముద్ర పడని ముసలివారు మా అరుగు మీదికే వస్తారు. బడి నడిపేటప్పుడు నాకు విసుగు పుట్టించిన దస్తావేజుల జ్ఞానమే ఇప్పుడు ఇతరులకు అక్కరకు వస్తున్నది. సూపరింటెండెంటు గారికి ఈ విద్య నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

నల్లరేగడి

వేకువ గారు చెప్పినదానికి దగ్గరి పరిశోధన ఒకటి ఉన్నది. క్రిస్టఫర్ పీటర్సన్, సెలిగ్మన్ కలిసి 2004లో మనుషుల సుగుణాలను 24గా వర్గీకరించారు. న్యాయబుద్ధి, దయ, జిజ్ఞాస, పట్టుదల, హాస్యప్రియత్వం వంటివి అందులో ఉన్నాయి. తనలో బలంగా ఉన్న గుణాలను గుర్తించి, వాటిలో ఒకదాన్ని వారం రోజుల పాటు ప్రతిరోజూ కొత్త విధంగా ఉపయోగించడం ఒక అభ్యాసం. 2005లో సెలిగ్మన్ బృందం అంతర్జాలం ద్వారా దీన్నీ, మరికొన్ని అభ్యాసాలనూ పరీక్షించింది. పోలిక కోసం ఒక వర్గానికి రాత్రిపూట చిన్ననాటి జ్ఞాపకాలు రాయమని మాత్రమే చెప్పారు. గుణాలను కొత్తగా వాడినవారిలోనూ, ప్రతిరాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు కారణాలతో సహా రాసినవారిలోనూ సంతోషం పెరగడం, కుంగుబాటు లక్షణాలు తగ్గడం ఆరు నెలల వరకు కనిపించాయి. మేలు చేసినవారికి కృతజ్ఞతతో ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి చదివి వినిపించినవారిలో ప్రభావం మొదట అన్నిటికంటే ఎక్కువగా ఉన్నా, ఒక నెల వరకే నిలిచింది.

మూడు మంచి సంగతుల అభ్యాసంలో చాలామంది వదిలేసేది కారణం రాయడం. "ఈరోజు మనవరాలు ఫోను చేసింది" అని రాసి ఊరుకుంటే అది దినచర్య పుస్తకం అవుతుంది. "నిన్న దాని పరీక్ష ఎలా జరిగిందో గుర్తుపెట్టుకుని అడిగాను కాబట్టి ఈరోజు తానే చేసింది" అని రాసినప్పుడు, ఆ మంచి జరగడంలో తన చేయి ఎంతవరకు ఉన్నదో రాసిన మనిషికి కనబడుతుంది. పైన చెప్పిన 2016 నాటి సవరణతో నేను ఈ అభ్యాసాన్ని కలిపి అర్థం చేసుకుంటాను.

తెల్లకాగితం

నేను హైదరాబాద్‌లో గణాంక విశ్లేషణ రంగంలో పనిచేస్తున్నాను. పై మాటలతో విభేదం లేదు గానీ, రుసుము కట్టబోయే మనిషికి రెండో వైపు కూడా తెలియాలి.

2005 నాటి ప్రయోగంలో పాల్గొన్నవారు సంతోషంగా ఉండాలని కోరి తమంతట తాము వచ్చినవారు. వారం తరవాత కూడా ఇష్టంతో కొనసాగించినవారికే ఎక్కువ ఫలితం దక్కింది. 2012లో మరో బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు సంతోషం పెరిగిన మాట నిజమే, కానీ చిన్ననాటి మంచి జ్ఞాపకాలు రాసినవారితో పోలిస్తే ఆ అభ్యాసాలు అదనంగా సాధించినది లేదు. 2013లో 39 పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష, ఇటువంటి అభ్యాసాల ప్రభావం ఉన్నదనీ, అయితే అది చిన్నదనీ తేల్చింది. చిన్న ప్రభావాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఖర్చులేని అభ్యాసం కొంచెం మేలు చేస్తే అది మేలే. జీవితమే మారిపోతుందని చెప్పి భారీ రుసుము తీసుకోవడానికి మాత్రం ఆ ఆధారం చాలదు.

వేదికల మీద తరచు వినిపించే ఒక అంకె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక ప్రతికూల భావానికి కనీసం మూడు సానుకూల భావాలు ఉంటే మనిషి వికసిస్తాడన్న సూత్రం 2005లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్షియల్ లొసాడా రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అందులో ఆ నిష్పత్తిని 2.9013 అని దశాంశాలతో సహా ఇచ్చారు. నికొలస్ బ్రౌన్ అనే వ్యక్తి చదువుకుంటున్న రోజుల్లో ఆ గణితాన్ని అనుమానించి, భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్, మనస్తత్వవేత్త హ్యారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి అది నిలవదని 2013లో నిరూపించారు. ఆ వ్యాసంలోని గణిత భాగాన్ని పత్రిక ఉపసంహరించింది. ఆ వక్త ఇప్పటికీ ఆ ఒకటికి మూడు సూత్రమే బోధిస్తుంటే, ఆయన చదువు ఎక్కడ ఆగిందో మీకు తెలుస్తుంది.

అద్దం ముందు నిలబడి తనను తాను పొగుడుకోమని చెప్పే పద్ధతి మరొకటి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, నేను ప్రేమకు తగిన మనిషిని అనే వాక్యాన్ని పదేపదే అనుకున్నప్పుడు ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారు మునుపటికంటే కుంగారు. అంటే సాయం ఎక్కువగా కావలసినవారికే అది హాని చేసింది.

మేలుమాట

నేను వృత్తిరీత్యా కోచ్‌ను, కాబట్టి రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పడం సబబు. తెల్లకాగితం గారి హెచ్చరికను నేను పూర్తిగా సమర్థిస్తాను.

కోచ్ సలహాలు ఇచ్చే మనిషి కాదు, ఉపన్యాసం ఇచ్చే మనిషి అసలే కాదు. ఎదుటివారు తమకు కావలసినది తామే స్పష్టంగా చూసుకునేలా ప్రశ్నలు అడిగి, శ్రద్ధగా విని, వారు నిర్ణయించుకున్న చిన్న పని జరిగిందా లేదా అని తరవాతి సమావేశంలో అడగడం మా పని. ఒకప్పుడు కారు పందేల్లో పాల్గొన్న జాన్ విట్మోర్ 1992లో తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని మాలో చాలామంది అనుసరిస్తాము. అందులో లక్ష్యం ఏమిటి, ఇప్పుడున్న స్థితి ఏమిటి, ఏయే దారులు ఉన్నాయి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తారు అనే నాలుగు మెట్లు ఉంటాయి. విరమణ దగ్గరపడిన ఒకరు నాతో, ఊళ్లో గ్రంథాలయం పెట్టాలని ఉందని చెప్పారనుకోండి. పుస్తకాలు ఎక్కడ కొనాలో నేను చెప్పను. ఆ గ్రంథాలయంలో ఎవరు కూర్చుని చదువుతున్నట్టు మీకు కనిపిస్తున్నదని అడుగుతాను. జవాబు చాలాసార్లు అనుకోని వైపు వెళుతుంది. ఆయనకు కావలసినది గ్రంథాలయం కాదనీ, చదువు మానేసిన ఇద్దరు మేనల్లుళ్లతో గడిపే సమయమనీ తేలవచ్చు. అప్పుడు పని చిన్నదవుతుంది, రేపే మొదలుపెట్టదగినది అవుతుంది.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేక చట్టం ఏదీ లేదు కాబట్టి విచారించుకోవలసిన బాధ్యత చేరేవారిదే. 1995లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మూడు స్థాయిల గుర్తింపు ఇస్తుంది. మొదటి స్థాయికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. రెండో స్థాయికి అనుభవం 500 గంటలు, మూడో స్థాయికి 2,500 గంటలు కావాలి. గుర్తింపు ఉన్నంత మాత్రాన మంచి కోచ్ అని నేను హామీ ఇవ్వలేను. అయినా శిక్షణ ఎక్కడ పొందారు, ఎన్ని గంటలు ఒక్కొక్కరితో పనిచేశారు అని అడిగినప్పుడు సూటిగా జవాబు చెప్పనివారికి డబ్బు కట్టవద్దు. ఎన్ని సమావేశాలు, మధ్యలో మానేస్తే రుసుము ఏమవుతుంది, నేను చెప్పిన మాటలు ఎవరి చెవిన పడతాయి అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. వందలమందిని హాలులో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడాన్ని నేను కోచింగ్ అనను.

నీలిగడప

క్లినికల్ సైకాలజిస్టుగా ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. గోదారిగట్టు గారు వర్ణించిన సహోద్యోగుల్లో కొందరికి ఉన్నది అర్థవంతమైన జీవితం లేని లోటు కాకపోవచ్చు. అది కుంగుబాటు వ్యాధి కావచ్చు. మన పెద్దవారు మనసు బాగాలేదని చెప్పరు. నడుము నొప్పి, కడుపులో మంట, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సహించకపోవడం అని చెబుతారు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం లేదా ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, వాటితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం కనిపిస్తే కోచ్ దగ్గరికి కాదు, వైద్యుని దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి రక్త పరీక్ష అవసరం. వినికిడి తగ్గిన మనిషి నలుగురిలో కూర్చోవడానికి సిగ్గుపడి ఒంటరి అవుతారు. అటువంటివారికి వినికిడి యంత్రం చేసే మేలు ఏ అభ్యాసమూ చేయలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అది ముసలివారి చాదస్తమని కొట్టివేయవద్దు. క్లినికల్ సైకాలజిస్టును వెతుక్కునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరు ఉన్నదో లేదో చూడండి.

కృతజ్ఞత అభ్యాసం గురించి నాకు మరో భయం ఉన్నది. మన ఇళ్లలో ఆడవారికి సర్దుకుపొమ్మని చెప్పడం కొత్త కాదు. ఇంట్లో అవమానం భరిస్తున్న స్త్రీకి రోజూ మూడు మంచి సంగతులు రాయమని చెబితే, అదే పాత మాటను శాస్త్రం పేరుతో మళ్లీ చెప్పినట్టవుతుంది. అటువంటి చోట మారవలసినది ఆమె ఆలోచన కాదు, ఆమె పరిస్థితి.

సన్నజాజి

ఆ చివరి మాట రాసినందుకు నీలిగడప గారికి కృతజ్ఞతలు. నేను గృహిణిని. మావారు విరమించాక ఆయన జీవితం గురించి బంధువులందరూ ఆలోచించారు, నా దినచర్య ఏమవుతుందని ఎవరూ అడగలేదు. కార్యాలయంలో పదిమందిని నడిపించిన మనిషి వంటింట్లోకి వచ్చి పోపు డబ్బాలు ఏ వరసలో ఉండాలో చెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం నాకంటూ ఉండే రెండు గంటలూ పోయాయి. ఆయన మీద కోపం కాదు నాది, ఆయన దిక్కుతోచక చేశారని తెలుసు. చివరకు కూర్చుని మాట్లాడుకుని, కూరగాయలు, బ్యాంకు, ఆసుపత్రి పనులు పూర్తిగా ఆయనవనీ, వంటింటి అమరిక నాదనీ, మధ్యాహ్నం ఎవరి గది వారిదనీ అనుకున్నాము. గోదారిగట్టు గారూ, కోచ్ కంటే ముందు ఇంట్లో మీ ఆవిడను అడగండి.

నల్లరేగడి

సన్నజాజి గారి మాట పరిశోధనకు దూరమైనది కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలై, 724 మంది పురుషుల జీవితాలను దశాబ్దాల తరబడి అనుసరించిన అధ్యయనంలో, 50 ఏళ్ల వయసులో తమ సంబంధాలతో ఎక్కువ తృప్తిగా ఉన్నవారే 80 ఏళ్ల వయసులో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టు తేలింది. ఆ తృప్తి ఎలా తయారవుతుందన్న ప్రశ్నకు షెల్లీ గేబుల్ 2004లో ప్రచురించిన పరిశోధన నాకు ఎంతో ఉపయోగపడింది. కష్టం చెప్పుకున్నప్పుడు మనం ఎలా స్పందిస్తామన్నదే ముఖ్యమని అనుకుంటాము గానీ, మంచి కబురు చెప్పినప్పుడు ఎలా స్పందిస్తామన్నది కూడా బంధాన్ని నిర్ణయిస్తుందని ఆమె చూపారు. భార్య వచ్చి, చిట్టీల లెక్కలో తప్పు తానే పట్టుకున్నానని చెప్పిందనుకోండి. పేపరు నుంచి తల ఎత్తకుండా మంచిదని అనవచ్చు, అదేమంత పెద్ద సంగతని కొట్టివేయవచ్చు, వినకుండా తన సంగతి ఎత్తుకోవచ్చు. లేదా పేపరు పక్కన పెట్టి, ఎలా పట్టుకున్నావు, వాళ్లేమన్నారు అని అడగవచ్చు. బంధానికి మేలు చేసేది ఈ నాలుగోది ఒక్కటే.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మేలుమాట గారు చెప్పిన ప్రశ్నలను ఆ వక్తకు రాతపూర్వకంగా పంపాను, జవాబు వచ్చాక నిర్ణయిస్తాను. ఈలోగా మా పింఛనుదారుల సంఘం కార్యదర్శితో మాట్లాడితే, వేకువ గారు చేస్తున్నట్టు కుటుంబ పింఛను కాగితాల సహాయ కేంద్రం వారానికి రెండు పూటలు నడపడానికి ఒప్పుకున్నారు. విరమణ దాకా ఆగకుండా ఆదివారాలు ఇప్పుడే కూర్చుంటాను. సంఘం సభ్యులందరితో మూడు మంచి సంగతుల అభ్యాసం చేయించాలని కార్యదర్శి గారికి ఉత్సాహంగా ఉన్నది. ప్రతి సమావేశంలో ఒక్కొక్కరూ లేచి చదవాలన్నది ఆయన ఆలోచన. అది సరైనదేనా? జపాన్‌లో జీవితానికి ఒక ప్రయోజనం ఉందనుకునేవారు ఎక్కువ కాలం బతికారని కూడా ఆయన చదివారట.

తెల్లకాగితం

జపాన్ సంగతి మాత్రం నేను చెబుతాను. మియాగి ప్రాంతంలో 43,391 మందిని ఏడేళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనం అది. బతకడానికి ఒక కారణం ఉన్నదని చెప్పినవారిలో మరణాలు తక్కువన్నది నిజం. అయితే అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. అప్పటికే జబ్బుపడినవారికి బతుకు మీద ఆశ తగ్గి ఉండే అవకాశం ఉన్నది. పరిశోధకులు ఆరోగ్య వివరాలను లెక్కలోకి తీసుకున్నా, ఆ అనుమానం పూర్తిగా తీరదు. సహాయ కేంద్రం ఆయుష్షు పెంచుతుందని సభ్యులకు చెప్పవద్దు. అది పదిమందికి పింఛను ఇప్పిస్తుంది, ఆ కారణం చాలు.

నీలిగడప

లేచి చదివించడం వద్దు. ఇటీవలే జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, పిల్లలతో మాటలు లేనివారు ఆ సభలో తప్పకుండా ఉంటారు. పక్కవారు మనవల కబుర్లు చదువుతుంటే, చెప్పడానికి ఏమీ లేక వారు మరుసటి సమావేశానికి రావడం మానేస్తారు. ఇష్టమైనవారు ఇంట్లోనే రాసుకోవాలి, ఎవరికీ చూపించవలసిన పని ఉండకూడదు. రోజూ రాస్తే కొందరికి మొక్కుబడిగా మారుతుంది. సోన్యా లూబోమిర్‌స్కీ పరిశోధనలో, తమకు దక్కిన మేళ్లను వారానికి ఒకసారి తలచుకున్నవారికి మేలు జరిగింది, మూడుసార్లు తలచుకున్నవారికి జరగలేదు. కాబట్టి వారానికి ఒకసారి రాసినా సరిపోతుంది.

సమావేశంలో దాని బదులు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు పది నిమిషాలు మాట్లాడితే మరొకరు అడ్డు రాకుండా, సలహా చెప్పకుండా వినే ఏర్పాటు చేయండి. మొదటిసారి జంటలను లాటరీ తీసి వేయండి. లేకపోతే పాత కార్యాలయాల హోదాలే మళ్లీ పక్కపక్కన చేరతాయి. ఫలితం తెలుసుకోవాలంటే ఎడ్ డీనర్ బృందం 1985లో ప్రచురించిన ఐదు వాక్యాల జీవిత సంతృప్తి ప్రశ్నావళి ఉన్నది. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఏడు వరకు మార్కు వేస్తే మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. పేర్లు లేకుండా, ప్రతి ఒక్కరూ తమకు మాత్రమే తెలిసిన గుర్తు ఒకటి వేసుకుని, మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తరవాత ఒకసారి నింపండి. మార్కులు బాగా తక్కువ వచ్చినవారు పేరు బయటపెట్టకుండానే సాయం పొందేలా, ఆ కాగితం అడుగున 14416 నంబరు అందరికీ ముద్రించి ఇవ్వండి.